పచ్చ ఫోటో

ఎరువుల అంగడి గంగిశెట్టి
పోయిన ఉగాదికి రెండు వేలు అడ్వాన్సిచ్చి అన్నాడు:
"వచ్చే ఉగాదికి క్యాలెండరు.
పన్నెండు బొమ్మలు. మన సీమవే.
పచ్చగా ఉండాల."

ఉరవకొండ బస్టాండు వెనక నా స్టూడియో.
నా పనంతా మనిషి మెడ నుంచి పైకి:
గడ్డం కొంచెం దించు, కళ్ళు బాగా తెరువు, నవ్వొద్దు.
కొండకు ఈ మాటలేవీ చెప్పలేను.
అది పడగెత్తి ఊరిమీద కూచునే ఉంటాది,
రెప్ప వేయదు.

రోహిణి కార్తె.
రోళ్ళు పగిలేది నేను చూడలేదు గానీ
కెమెరా పట్టుకుంటే అరచెయ్యి కాలింది.
పెన్న ఇసకలో మిట్టమధ్యాహ్నం తీసినవన్నీ
తెల్లగా పేలిపోయినాయి
మంగలంలో జొన్నల మాదిరి.
ఆ పదైదు దినాల్లో మిగిలింది ఒకటే:
ఎండిన చెలమ పక్క ఒక గొర్రె,
దాని నీడలో తల దాచుకున్న ఇంకొక గొర్రె.

ఆరుద్రలో
ముంగారు మబ్బు వజ్రకరూరు మీదికి దిగింది.
ఒక్క పదును వాన.
తెల్లారేసరికి ఎర్రచేలల్లో వందమంది.
బళ్ళారి వాళ్ళు, ఆదోని వాళ్ళు, యాడాడివాళ్ళో
సద్దిమూట నడుముకు కట్టుకోని
వజ్రాల కోసం నేలను చూస్తా నడుస్తాండారు.
అందరి వీపులూ తీసినాను.
నాలుగు దినాలకు ఒక్కరికీ రాయి దొరకలేదు.
ప్రింటు వేసినాక చూస్తే
పైన కరెంటు తీగ మీద పాలపిట్ట.
చూస్తే శుభమంటారు.
వాళ్ళు తలెత్తలేదు.
నేనూ వీపులే చూస్తాంటి.

తర్వాత గాలి.
గాలిమరలు తిరిగినాయి, మబ్బు నిలవలేదు.
సెనక్కాయ చెట్టు పసుప్పూలు పూసి
ఊడ దించడానికి మెత్తటి మన్ను లేక
అట్లే చూస్తా ఉండిపోయింది.
పునర్వసు, పుష్యమి, ఆశ్లేష,
ఈ మూడు కార్తెలకూ నా దగ్గర ఫోటోల్లేవు.
ఒకపొద్దు పోయినాను. గట్టు మీద దస్తగిరమ్మ కూచోనుండాది.
"వాన పడే ఫోటో ఏమన్నా ఉందా నాయనా" అనింది.
ఎగతాళికి కాదు.
లెన్సు మూత తీయకుండానే తిరిగొచ్చినాను.

ఉత్తర కార్తె ఆఖర్న
ఒక రాత్రంతా కురిసింది.
వారానికి రాళ్ళగుట్టకు కూడా నూగు లేచింది
పదహారేళ్ళ పిల్లోని మూతి మీద మాదిరి.
అదొక్కటే నా పచ్చ ఫోటో.
నిజం చెప్పాలంటే అందులో సగం
వయ్యారిభామ.

చలికాలం బోదగడ్డి రంగుకు
నా దగ్గర పేరు లేదు.
గొర్రెలు కాసే వన్నూరప్పనడిగితే
"తోడేలు రంగు" అన్నాడు.
పొద్దు పొడవకముందే పోయి ఆ గడ్డిలోకి చూసి
ఇరవై తీసినాను.
తోడేలుందో లేదో ఇప్పటికీ తెలీదు.
ఉందనుకునే తీసినాను.

ఫాల్గుణంలో వేప చిగిర్చింది.
అదీ ఎరుపే.

గంగిశెట్టి పన్నెండూ తిప్పి చూసినాడు.
పేకముక్కల మాదిరి మళ్ళీ సర్ది పెట్టినాడు.
"అంతా ఎండే కదప్పా.
ఇది చూసి ఎవుడు యూరియా కొంటాడు?"
ఈ ఏడు మా ఊరి గోడల మీద
శివకాశిలో అచ్చయిన కొబ్బరితోట, కాలవ, పడవ.
కింద ఎర్రక్షరాల్లో మా ఊరి అంగడి పేరు.

నా ఫోటోలు స్టూడియో గోడకే అంటించినాను
కరెంటు బిల్లుల పక్కన.

మొన్న పింఛను ఫోటోకని వన్నూరప్ప వచ్చినాడు.
జలపాతం పరదా ముందర స్టూలు మీద కూచోమంటే
కూచోలేదు. గోడ కాడికి పోయినాడు.
వేలితో ఫోటోల మీద నడిచినాడు.
"ఇది వాన రేపనంగా తీసినావు."
ఎట్ల తెలుసు?
"చీమలు గుడ్లు మోస్తాండాయి, ఇదో."
ఏడాదిగా నేను చూడని మూల.
వేలు రోహిణి దగ్గర ఆగింది.
"నీడనిచ్చినది నా నల్లచెవిది.
శ్రావణంలో పాయ."

పెద్దది చేసియ్యమన్నాడు.
నీదా అన్నాను.
"నాదెందుకప్పా."

స్టూలు మీద కూచున్నా చూపు గోడ మీదే.
గడ్డం దించమనలేదు నేను. మీట నొక్కినాను.

పింఛనాఫీసులో చెల్లదన్నారంట.
కళ్ళు కెమెరా తట్టు లేవని.